తువ్వాల కింద బేరం

పలమనేరు సంత మైదానం పక్కన
చింతపండు గోడౌను నీడలో
నిలబెట్టినాడు దాన్ని దొరసామి.
నిరుటి దాకా ఎద్దుల బ్రోకరు,
ఇప్పుడు పాత బండ్లకు.
రెండువేల ఆరు మోడల్ పికప్పు, ఏపీ సున్నా మూడు.
రంగు తెలుపని పుస్తకంలో ఉండాది,
ఎండలు దాన్ని సద్దినీళ్ల రంగుకు తెచ్చినాయి.

నాకు కావాల్సింది ఏమంత?
రెండు జెర్సీ ఆవులకు కసువు,
నెలకు నాలుగు మూటల తవుడు,
కయ్యకు పది గంపల పేడ,
ఎప్పుడన్నా దూడ కుంటితే ఆస్పత్రి దాకా.
ఇంత దానికే ఆటో మునస్వామి
పోతే నాలుగొందలు, వస్తే నాలుగొందలు,
పేడ అంటే ముక్కు మూసుకుని
ఇంకొక నూరు.

గంగవరం మెకానిక్కు ఖాదర్ బాషాను తోడు తెచ్చుకున్నా.
జేబులోంచి అయస్కాంతం తీసినాడు,
పగిలిన స్పీకరులోది.
డోరు మీద పెడితే అతుక్కుంది.
ముందు చక్రం పైన పెడితే
జారి మట్టిలో పడింది.
"ఇక్కడ ఇనుము లేదక్కా, అంతా పుట్టీనే."
ఆయిలు పుల్ల లాగి, రెండు వేళ్ల మధ్య రుద్ది,
బెల్లం పాకం చూసినట్టు చూసినాడు.
స్టార్టు చేస్తే నల్లగా దగ్గింది.
"నల్లపొగ అయితే మాట్లాడొచ్చు,
నీలంగా వచ్చుంటే ఇంటికి పోయుందుము."

దొరసామి మాత్రం
టైరు గాట్లలో వేలు పెట్టి పండ్లు లెక్కబెడతా ఉన్నాడు.
"ఆరుపండ్ల మీద ఉండాదమ్మా,
ఇంకా పదేండ్లు దున్నుతాది."
ఇరవై ఏండ్ల ముసల్దానికి ఆరుపండ్లంట!

ధర కాడికొచ్చేసరికి
బుజం మీద తువ్వాల తీసి చేతి మీద కప్పుకున్నాడు.
కప్పుకుని, ఆగినాడు.
"ఇంటాయన రాలేదామ్మా?"
"పాలు పిండతా ఉండాడు."

ఆ గుడ్డ కింద
నలభై ఏండ్లుగా ఎన్ని చేతులు దూరినాయో,
ఆడచెయ్యి దూరలేదు.
మైలకోడెను అమ్మిన దినం
మా నాయన చెయ్యి దూరింది.
గుడ్డ లోపల ఏదో ఎలుక తిరిగినట్టు కదిలితే
మెడ చాచి చూసినా.
దావలో అడిగితే, "అది లెక్క, నీకెందుకు" అన్నాడు.
ఇంటికి చేరేదాకా
ఖాళీ పలుపుతాడు నా చేతిలోనే ఉండింది.

"పెట్టు చెయ్యి దొరసామన్నా,
ఇది పేడెత్తే చెయ్యే, కరవదు."

నోరు వానల గురించి మాట్లాడతా ఉండాది,
ఈసారి మామిడి పూత గురించి కూడా.
కింద ఆయన నా వేలొకటి పట్టినాడు. లక్ష.
మళ్లా మూడు. ముప్పై.
నేను అయస్కాంతం పడిన చోటును తలుచుకుని
రెండు వేళ్లు వెనక్కి లాక్కున్నా.
నా వంతు వచ్చింది, ఆయన వేళ్లు పట్టినా.
ఒకటి.
ఆగి, ఒకటి.
మళ్లా రెండు పట్టి, పక్క వేలు కోసం తడిమితే
సగమే తగిలింది.
ఎప్పుడో పొగరు కోడె తాడు కొరికేసిన ఉంగరం వేలు.
దాన్ని కూడా పట్టినా, సగంగానే.

లక్షా పన్నెండు వేల అయిదు వందలు.

దొరసామి గుడ్డ ఎత్తేసి,
మైదానమంతా వినబడేలా నవ్వినాడు.
"ఇన్నేండ్లలో ఆ వేలును
ఒక్కరూ అరగా లెక్క కట్టలేదమ్మా,
అందరూ ఒకటనే మోసపోయినారు!"

ఖాదర్ బాషా తోలినాడు.
రెండో గేరు పడదు, బతిమాలాల.
వెనక తలుపుకు గొళ్లెం లేదు,
పాత చీర చించి కట్టినాం.
తొట్టి సందులో ఎవరి మూటలోంచి రాలినాయో
రాగులు జానెడు మొలిచి ఉండాయి.
ఎర్రావు వచ్చి నాలుకతో చుట్టి పీకింది.

హారను పనిచేయలేదు.
ఆయన్ను బయటికి పిలవాలంటే,
పెండ్లయిన పంతొమ్మిదేండ్లకు
మొదటిసారి పేరు పెట్టి అరవాల్సి వచ్చింది.